తలుపు కింద తుప్పు

కారుకు సొట్ట పడితే ఆ వీధిలో అందరూ వెతికేది సొట్టలక్కనే. తండ్రి దగ్గర రేకు పని నేర్చుకుంది. నలభై దాటేసరికి ఆయన షెడ్డూ, సుత్తులూ, చెవుడూ మూడూ ఆమెకే దక్కాయి. పాత బళ్లు కొనేవాళ్లు తుప్పు చూడడానికి ఆమెను వెంటబెట్టుకుపోయేవారు. ఆమె మాటకు తిరుగులేదు.

ఆ రోజు పిలిచింది పళ్ల డాక్టరు. ఏనాటిదో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఎర్రగా అద్దంలా మెరుస్తోంది. డాక్టరు దాని చుట్టూ బెల్లం చుట్టూ ఈగలా తిరుగుతున్నాడు.

అమ్మేవాడు తలుపంత మనిషి. "చూసేది ఆడమనిషా?" అని నవ్వాడు.

"తుప్పుకి ఆడా మగా తెలీదన్నా."

గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఆమె బానెట్ మీద పెట్టింది. అతుక్కుంది. తలుపు మీదా అతుక్కుంది. తలుపు కింద, రెండు చక్రాల మధ్య దూలంలా సాగే రేకు మీద పెడితే జారి పడిపోయింది.

"ఇక్కడ ఇనుము లేదు డాక్టరుగారూ. పుట్టీ మెత్తి రంగేశారు. పుచ్చిన పన్ను శుభ్రం చెయ్యకుండా పైన సిమెంటు పెట్టినట్టు."

డాక్టరు మొహం వాడిపోయింది. అమ్మేవాడి దవడలు బిగుసుకున్నాయి.

ఆమె వెల్లకిలా పడుకుని కారు కింద తలా భుజాలూ దూర్చింది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయింది. వెనక ఇరుసు ఖంగుమంది. తలుపు కింద మాత్రం తడిసిన అట్టపెట్టె చప్పుడు. మొన తిప్పి నొక్కింది. పిడి దాకా దిగబడింది.

కళ్లలో తుప్పు రాలుతుండగానే ఎవరో కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చారు. తల గచ్చుకు కొట్టుకుంది. "నా బండికే బొక్క పెడతావా!" పక్కటెముకల మీద బూటు దిగింది. ఇంకోటి. లోపల ఏదో పుటుక్కుమనడం అంత చెవుడులోనూ ఆమెకు వినిపించింది. అడ్డొచ్చిన డాక్టరు ఒక్క గుద్దుకి టైర్ల మీద పడ్డాడు. పళ్లు కట్టేవాడి పన్నే ఊడింది. మూడో తన్ను పడేలోగా ఆమె సుత్తి అందుకుని అమ్మేవాడి మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది.

అతను బూతులు తిడుతూ, కుంటుతూ వెళ్లి జాకీ తెచ్చాడు. దాంతో తన తల పగలగొడతాడనుకుంది. కానీ దాన్ని సరిగ్గా తలుపు కిందే పెట్టి ఎత్తడం మొదలుపెట్టాడు. "చూడండి ఎంత గట్టిదో!"

"అక్కడొద్దు! లోపలంతా గుల్ల!"

వెనక చక్రం నేలను వదిలింది. అతను దాని కిందే కుడిచెయ్యి ఆనించి వంగి, రెండో చేత్తో అడుగురేకును చరిచాడు. "ఏదీ గుల్ల? ఏదీ?"

రేకు ఎండుటాకులా నలిగింది. జాకీ లోపలికి పొడుచుకుపోయింది. చక్రం అతని మణికట్టు మీదికి దిగింది.

ఆ కేక విన్నాక ఒక్క క్షణం, అబద్ధమెందుకు, ఆమెకు హాయిగా అనిపించింది. ఆ తర్వాతే పాకుతూ వెళ్లి, జాకీని ఊడబెరికి, ఖంగుమన్న ఇరుసు కింద పెట్టింది. జాకీ పిడి కొట్టిన ప్రతిసారీ విరిగిన ఎముకలు లోపల గుచ్చుకున్నాయి. చక్రం లేచింది. నోటినిండా రక్తంతో డాక్టరు అతన్ని బయటికి లాగాడు. చేతి స్థానంలో ఎర్రటి ముద్ద మిగిలింది.

ఆసుపత్రిలో ఆ చెయ్యి తీసేశారు. మూడు ఎముకలు విరిగిన సొట్టలక్క నెలరోజులు కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. పోలీసు కేసులో డాక్టరు సాక్షి సంతకం పెట్టాడు. ఆ కారు ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు ఆ కారు అమ్మేవాడి భార్య షెడ్డుకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"కేసు వెనక్కి తీసుకోమన్నాడక్కా. చెయ్యి పోయింది, ఆ శిక్ష చాలదా అని అడగమన్నాడు."

సొట్టలక్క జవాబు చెప్పేలోగా ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చింది.

"నేను అడిగాననే చెప్తాను. నువ్వు మాత్రం తీసుకోకక్కా. ఎడంచెయ్యి ఇంకా బాగానే ఉంది."

సొట్టలక్క తీసుకోలేదు. అతనికి రెండేళ్ల శిక్ష పడింది. అతన్ని జైలుకు తీసుకెళ్లిన వారంలోనే ఆవిడ ఇల్లు మారింది.