బళేపేటలో నేను కాపాడిన ప్రాణం

ఒక మనిషి ఉద్యోగ ప్రతిష్ఠ మొత్తం ఒక అట్టపెట్టె కింద పడి నుజ్జయిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. పెట్టె నా వీపు మీదే పడింది. తారీఖు కూడా గుర్తుంది గానీ చెప్పను. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, నన్ను చూసి నవ్వడానికి వాళ్ళకిప్పటికే చాలినన్ని కారణాలున్నాయి. మంగళవారమని మాత్రం తెలుసుకోండి, చాలు.

అంతకుముందు నేను కేంద్ర ప్రభుత్వపు రక్షణ విభాగంలో అధికారిని. పెద్దపెద్ద వాళ్ళ ప్రాణానికి అపాయం రాకుండా చూడడం మా పని. వినడానికి గొప్పగా ఉంటుంది. చేసేవాళ్ళకు తెలుస్తుంది దాని రుచి. మేము వేదికకు వీపు పెట్టి జనంవైపు చూస్తూ నిలబడాలి. దేశంలోని మహా విద్వాంసుల కచేరీలన్నిటికీ వెళ్ళాను, ఒక్కరి ముఖమూ చూడలేదు. ముందువరుసలో నిద్రపోతున్నవాళ్ళను మాత్రం లెక్కలేనంతమందిని చూశాను.

మోకాళ్ళు అరిగాయి, మనసు అంతకంటే ముందే అరిగింది. బతిమాలి, అర్జీలు పెట్టి, చివరకు బెంగళూరులో దర్యాప్తు విభాగానికి మారాను. పంపేటప్పుడు ఢిల్లీ నుంచి మా పెద్దాయన ఫోనులో ఒకటే అన్నారు: "మొదటి కేసు చూస్తాను. అది చెడితే మళ్ళీ పాత చోటికే."

ఆ మొదటి కేసు పేరు నారాయణప్ప. కేంద్ర ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగులకు దొంగ ఆర్డర్లు అమ్మేవాడు. దొంగ ముద్రలు తయారుచేసే అతని భాగస్వామి ఎవరో మాకు తెలియదు. ఆ మంగళవారం నారాయణప్ప బళేపేటలో అతన్ని కలుసుకుంటాడని కబురందింది. వెనకాలే వెళ్ళాలి, ముద్రలు చేతులు మారగానే ఇద్దర్నీ పట్టుకోవాలి. ఇంతే పని.

మా ఇన్‌స్పెక్టర్ శ్రీధర్ హైదరాబాదు కుర్రవాడు, దర్యాప్తులో ఆరితేరినవాడు. "మేడమ్, మీరు కార్లో కూర్చోండి. ఫాలో చేసేది మేం చూసుకుంటాం" అన్నాడు.

"నాకు చేతకాదనా?"

"అయ్యో, అట్లా కాదు మేడమ్..."

డ్రైవర్ మునిరాజు నాతోపాటే పాత విభాగం నుంచి వచ్చినవాడు. వాడూ అందుకున్నాడు. "సుమ్నే, ఊరికే కూచోండి మేడమ్. ఎండ జాస్తిగా ఉండాది."

ఇద్దరు మగవాళ్ళు కలిసి కూర్చోమన్న తర్వాత నేను కూర్చుంటానా? నేత చీర కట్టుకుని, చేతికి సంచి తగిలించుకుని, చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని దిగాను. మునిరాజు కారును సందు మొదట్లో నిలిపాడు.

బళేపేట సందులో మనిషి నడిస్తే భుజాలు రెండువైపులా దుకాణాలకు తగులుతాయి. గాజుల తోరణాలు, బోల్టుల డబ్బాలు, తోపుడుబండ్లు, వాటిమధ్య స్కూటర్లు. నారాయణప్ప తెల్ల చొక్కా వేసుకుని తాపీగా వస్తున్నాడు. నేను నా పని మొదలుపెట్టాను. కాసేపటికి చెవిలో శ్రీధర్ గొంతు: "మేడమ్, మీరు ఆయన ముందు నడుస్తున్నారు."

"అయితే?"

"ఫాలో చేయడమంటే వెనక నడవాలి మేడమ్."

నిజమే. అలవాటు చూడండి! నేను అతనికి రెండడుగుల ముందు నడుస్తూ, "జరగండి, కాస్త జరగండి" అని తోపుడుబండ్లను పక్కకు తప్పిస్తున్నాను. ఆ సందులో అంత హాయిగా నడిచిన నేరస్థుడు అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు. ఒకచోట అతను నాకు తల ఊపి థాంక్స్ కూడా చెప్పాడు.

సిగ్గుపడి వెనక్కి తగ్గాను. ఇకనైనా బుద్ధిగా నడుస్తున్నాననుకుంటుండగా, పై అంతస్తు నుంచి గాజుల వ్యాపారి కింద ఉన్న కూలీకోసం "పట్టుకో!" అని ఖాళీ అట్టపెట్టె విసిరాడు. అది రోజూ అక్కడ జరిగేదే. కాని నా కళ్ళకు కనిపించింది వేరు: పైనుంచి వస్తువు, కింద నా మనిషి.

"కవర్!" అని పాత డ్యూటీ కేక పెట్టి నారాయణప్పను నేలమీద పడేసి అతని మీద పడ్డాను.

పెట్టె నా వీపు మీద పడి, దొర్లి, మురుగుకాలవలో ఆగింది. అప్పటికైనా ఆగాల్సింది. ఆగలేదు. ప్రమాదం వస్తే మనిషిని అక్కడ ఉంచకూడదు, కారెక్కించి తరలించాలి. అది మా పాఠం. నా కేక వినగానే మునిరాజు కారు వెనక తలుపు తీసి పరుగున వచ్చాడు. చెరో రెక్కా పట్టుకుని నారాయణప్పను వంచి, తల అదిమి, కార్లోకి తోశాం. కారు కదిలింది.

వెనక శ్రీధర్ పరుగెత్తుతున్నాడు. చెవిలో అతని గొంతు: "మేడమ్! మేడమ్! ముద్దాయిని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

అప్పుడు నాకు తెలివొచ్చింది. ఆ క్షణంలో ఆ పెట్టెలో నిజంగా బాంబు ఉండి ఉంటే ఎంత బాగుండేదో!

వెనక సీటులో నారాయణప్ప వణుకుతున్నాడు. మునిరాజు అద్దంలోకి చూసి, అన్ని ఏళ్ళుగా నోట్లో నానిన మాట అలవాటుగా అనేశాడు: "భయపడొద్దండి సార్. మీకేం కాలేదు. మేముండాము."

"ఎవురప్పా మీరు? నన్నెవురు చంపేదానికొచ్చిండేది?"

"అది చెప్పేకి మాకు ఆర్డర్ లేదు సార్."

నేను మునిరాజు భుజం గిల్లాను. వాడికి అర్థం కాలేదు. నారాయణప్పకు మాత్రం అంతా అర్థమైపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"వాడే! ఆ రంగనాథే! వాటా జాస్తి అడిగినానని నన్నే లేపేయాలని చూసినాడు. అమ్మా, మీరు లేకుంటే నా పెండ్లాం బిడ్డల గతేమి? బొమ్మసంద్రలో వాని షెడ్డు నేను చూపిస్తా. ముద్రలన్నీ ఆడే ఉండాయి. ఇప్పుడే పదండి!"

నేనేమంటాను? నిజం చెబితే నోరు మూసుకుంటాడు. అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "దారి చెప్పు" అన్నాను. శ్రీధర్‌కు ఫోన్ చేసి బొమ్మసంద్ర రమ్మన్నాను. చీకటిపడకముందే రంగనాథ్ ముద్రలతో సహా దొరికాడు. అక్కడ నారాయణప్పకు అట్టపెట్టె సంగతి చెప్పాను. నమ్మలేదు. "మీ పెద్దమనసమ్మా, నేను భయపడతానని అట్లంటాండారు" అన్నాడు.

ఢిల్లీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. పెద్దాయన రెండుసార్లు దగ్గారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు. చివరకు, "కేసు గెలిచావు" అన్నారు.

"అయితే నేను ఇక్కడే ఉండవచ్చా సార్?"

"ఉండవచ్చు. బెంగళూరులోనే."

ఆ మాటలో ఏదో తేడా ఉందని అప్పుడే అనుకోవలసింది. నారాయణప్ప అప్రూవర్‌గా మారాడు. కోర్టులో చేతులు జోడించి, "సామీ, నాకు ప్రాణభయముండాది. సాక్ష్యం చెప్పేవరకూ రక్షణ కావాల. ఎవురో ఒకరైతే కాదు, నాకోసం దెబ్బ తినిన ఆ అమ్మే రావాల" అన్నాడు. రక్షణ ఇవ్వమని కోర్టు చెప్పింది. అనుభవమున్న అధికారి ఎవరని వెతకనక్కర్లేకపోయింది. విచారణ ముగిసేవరకు నన్ను పాత పనికే పంపుతూ ఆర్డరు వచ్చింది.

మొదటిరోజు ఉదయం అతని ఇంటిముందు కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, వెనక సీటులో, మంత్రులు కూర్చునేచోట కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు.

"ఏసీ ఇంకొంచెం పెట్టప్పా" అన్నాడు.

"అట్లే సార్" అన్నాడు మునిరాజు.

కోర్టు దగ్గర అతను లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర అతనికి వీపు పెట్టి జనంవైపు చూస్తూ నిలబడ్డాను. ఏళ్ళ తరబడి సాగిన ఆ విచారణలో అతను ఏమేం చెప్పాడో, ఎలా చెప్పాడో, నా సొంత కేసులో ఒక్క ముక్క కూడా నేను చూడలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కళ్ళముందు ఎవరి నెత్తిమీద ఏది పడుతున్నా సరే, ముందు పేరడుగుతాను, తర్వాత నేరమడుగుతాను, ఆపైన మోకాళ్ళు ఒప్పుకుంటేనే కాపాడతాను.