బియ్యం డబ్బాలో మరియమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇరవై రెండేళ్లు. డిగ్రీ పాసై, నెల్లికుదురులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మగా చేరాను. కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకుని అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. (ఆ ఏడు కాలువలో నీళ్లు మోకాళ్ల దాకే వచ్చాయి. మునగడానికి నేను పడుకోవలసి వచ్చింది. సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఆ ముక్క మింగేసేదాన్ని.) ఆదివారాలు సంఘంలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. విగ్రహాలు కళ్లుండీ చూడవు, చెవులుండీ వినవు అని నేను గొంతెత్తి చెబుతుంటే ముందు వరసలో పిల్లలు నిద్ర కూడా మానుకునేవారు. ఇప్పుడా పిల్ల నాకెదురుపడితే కూర్చోబెట్టి, కొంచెంసేపు నోరు మూసుకుని అన్నం తిను తల్లీ అంటాను.

మా అమ్మను కన్న అవ్వది పాలకుర్తి దగ్గర పల్లె. వాళ్లు ఆర్సీఎం వాళ్లు, అంటే ఫాదరు, పూజ, జపమాల, మరియమ్మ. మా బాపు కూడా మొదట ఆ గుడికే పోయేవాడు. పోయేవాడంటే క్రిస్మస్‌కు, అదీ తాగి. తర్వాత నెల్లికుదురులో విశ్వాసుల సంఘం వాళ్లు పట్టుకుని, నెలల తరబడి ఇంటికి వచ్చి మోకాళ్లూని ఆయన చేత సీసా మాన్పించారు. సంఘం లేకపోతే మా బాపు ఏనాడో పోయేవాడు. ఆ మాట నిజం, కనుక సంఘం వాళ్లు ఏది చెబితే మా ఇంట్లో అదే నడిచేది. అలాంటి ఇంటికి, స్నానాల బండ మీద జారి తుంటి విరిగిన అవ్వను ఆటోలో తెచ్చాం. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోదు, ఇంటికి తీసుకుపోయి చూసుకొమ్మని దవాఖానలో చెప్పేశారు. అవ్వ రెండో చీర తెచ్చుకోలేదు గానీ, నీలం ముసుగేసుకున్న మూరెడు మరియమ్మను మాత్రం ఒళ్లో పెట్టుకుని దిగింది.

"అత్తా, గీ బొమ్మెందుకు తెచ్చినవు?" అన్నాడు బాపు.

"బొమ్మ గాదు బిడ్డా, స్వరూపం."

"రెండు ఒక్కటే."

"నా బిడ్డ నీ ఫోటో పెట్టెల దాసుకున్నది. గంత మాత్రాన నిన్ను మొక్కుతదా?"

అమ్మ ఆయన్ను మొక్కదని బాపుకు బాగా తెలుసు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఇక నేను దిగాను. బడి నుంచి రాగానే అవ్వ మంచం పక్కన కూర్చుని ఆమెను రక్షించే పని మొదలుపెట్టేదాన్ని. "అవ్వా, మరియ కూడా మనలాంటి మనిషే" అంటే, "మరియ ఏందే మరియ? నీ యీడుదా? అమ్మ అను" అనేది. నేరుగా దేవుణ్ణే అడగాలి గానీ మధ్యలో ఆమె ఎందుకని అడిగితే, "మీ బాపుతోని పనుంటే నువ్వెవ్వలను పట్టుకుంటవు? మీ అమ్మనే గద. నేను గూడ గంతే" అని జపమాల తిప్పుకునేది. నాకు వాక్యాలన్నీ కంఠస్థం. ఈ ఒక్కదానికి మాత్రం ఏ వాక్యంలోనూ జవాబు దొరకలేదు. అందుకని ఇంకా గట్టిగా వాదించాను.

అంతలో మా ఇంట్లో సంఘ ప్రార్థన పెట్టే శుక్రవారం వచ్చింది. మా పాస్టరు గారికి నేను మనసులో పెట్టుకున్న పేరు మైకయ్య. (పదిమంది కూర్చునే గదిలో కూడా ఆయన మైకు లేకుండా మాట్లాడేవారు కాదు.) ఆయన వచ్చేసరికి మరియమ్మ కనబడకూడదు. మాత్రల మత్తులో అవ్వ కళ్లు మూయగానే స్వరూపాన్ని నా పాత చున్నీలో చుట్టాను. బీరువాలో పెడితే బాపు చూస్తాడు, పెరట్లో పెడితే కోతులు ఎత్తుకుపోతాయి. బాగా ఆలోచించి బియ్యం డబ్బాలో కుత్తుకదాకా పాతిపెట్టి, పైన నాలుగు దోసిళ్లు బియ్యం పోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వచ్చినవాళ్లకు అన్నం వండాలని నాకు తట్టలేదు. ప్రార్థన సగంలో అవ్వకు మెలకువ వచ్చింది. అది ముగియగానే పాస్టరమ్మ, మంచి మనిషి, అమ్మకు సాయం చేద్దామని వంటింట్లోకి వచ్చి డబ్బాలో గిన్నె ముంచింది. టక్కుమంది. చెయ్యి పెట్టి లాగితే చున్నీ ఊడి, బియ్యం రాలుస్తూ మరియమ్మ లేచి వచ్చింది. "ఏందమ్మా గిది?" అంది పాస్టరమ్మ, మెల్లగానే. మైకయ్య గారు మైకుతో సహా గుమ్మంలోకి వచ్చి "ఎవరిదిది?" అన్నారు. అది వాడంతా వినబడింది. ముందు గదిలోంచి అవ్వ గొంతు, "నాదే. ఇటియ్యండ్రి" అంది. నేను కంగారుగా పాస్టరమ్మ చేతిలోంచి గుంజుకున్నాను. స్వరూపం జారి డబ్బా అంచుకు తగిలింది. మెడ విరిగి, తల మళ్లీ బియ్యంలోనే పడింది.

ఇంట్లో విగ్రహం ఉంటే తాను ఇక మీద గడప తొక్కనన్నారు పాస్టరు గారు. బాపు తల దించుకున్నాడు. ఎన్నడూ పెద్దగా మాట్లాడని అమ్మ, "మా అవ్వ ఉన్నన్ని దినాలు అది ఈడనే ఉంటది" అని పొయ్యి దగ్గరికి పోయింది. అవ్వ అడిగితే మాత్రం, "దుమ్ము పట్టింది, కడుగుతున్న" అని అబద్ధం చెప్పింది నేనే. కిరాణా కొట్లో క్షణంలో పట్టేసే గమ్ము కొనుక్కొచ్చి పెరట్లో కూర్చుని తల అతికించాను. సరిచూసుకునేలోపే గమ్ము పట్టేసింది. మరియమ్మ ఎడమ భుజం మీదుగా పక్కకు చూస్తూ బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. (ఒక్క విశ్వాసం తప్ప నాకు అన్నీ అంత గట్టిగా అతుక్కునేవి.)

మర్నాడు పొద్దున గోడ గూట్లో పెట్టిన స్వరూపాన్ని అవ్వ మంచం మీంచి చాలాసేపు చూసింది. చూపు మందగించిన కళ్లు, పైగా గూట్లో చీకటి. "అమ్మ నా మీద మొగం తిప్పుకున్నదే" అంది. నేను నవ్వబోయాను. "నిన్న మీ ప్రార్థనల నేను గూడ ఆమేన్ అన్న. గందుకే" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం కూడా ముట్టలేదు. చావు దగ్గరపడిన మనిషి, తన వెంట రావలసిన ఒక్క తోడూ అలిగి అటు తిరిగిందని నమ్మి, నీళ్లు మాత్రం తాగి రెండు రోజులు పడుకుంది. ఒక్క మాట చెబితే అయిపోయేది, నేనే విరగ్గొట్టాను అవ్వా అని. చెప్పలేకపోయాను. భయం కొంత. మిగిలింది పొగరు. అది చూడదు, వినదు అని ప్రతి ఆదివారం చెప్పేదాన్ని, దాని మెడ కోసం ఏడుస్తున్నానని ఎలా ఒప్పుకోను? ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రెండు రోజులు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. స్వరూపాన్ని గూట్లోంచి తీసి, మంచం పక్కన కిటికీ వెలుతురులో స్టూలు మీద పెట్టి, దిమ్మెను పక్కకు తిప్పాను. ఒళ్లు గోడవైపు, మొహం అవ్వవైపు. "చూడవ్వా, నీ దిక్కే చూస్తున్నది" అన్నాను. అవ్వ దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది, మళ్లీ దాన్ని చూసింది. "పెయ్యి అటున్నది, మొగం ఇటున్నది" అంది. తర్వాత "తల్లి పనికి పోతపోత పిల్ల దిక్కు మల్లి చూసినట్టున్నది" అని తనలో తాను నవ్వుకుంది. అరగ్లాసు జావ తాగింది. నన్ను దగ్గరికి రమ్మని, "మెడకు జర పసుపు పెట్టు బిడ్డా. నొస్తదేమో" అంది.

పరుగెత్తుకెళ్లి పసుపు వెచ్చజేసి తెచ్చి అవ్వ మెడకు రాశాను. రాస్తున్నంతసేపూ నా తల మీద చెయ్యి వేసి ఉంచింది. మర్నాడు పొద్దున, నేను బడిలో ఏడో తరగతికి వ్యాకరణం చెబుతుండగా పోయింది.

ఆమె ఊళ్లోనే, ఆమె గుడి వాళ్ల సమాధుల తోటలోనే పెట్టాం. ఫాదరు వచ్చారు. బాపు లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు. లోపల అందరూ మరియమ్మ జపం చెప్పడం అయిపోగానే, గేటు బయటి నుంచి "ఆమేన్" అని వినబడింది. అలవాటు కొద్దీ అన్నాడో, అత్త కోసం అన్నాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చి అవ్వ మంచం ఎత్తుతూ స్వరూపాన్ని చేతిలోకి తీసుకున్నాను. మెడ చుట్టూ అతుకు, గమ్ము ఆరి గీతలా తేలి ఉంది. ఆ కిటికీ వెలుతురులో, అంత దగ్గర నుంచి, ఎంత మందగించిన కళ్లకైనా కనబడుతుంది. అప్పుడు తట్టింది నాకు. తన మెడ నొస్తే ఎవరైనా నొస్తున్నది అంటారు. నొస్తదేమో అనేది ఎదుటివాళ్ల మెడను గురించే. తెలుగు పంతులమ్మను, ఆ ఒక్క క్రియాపదం నాకు అర్థం కాలేదు. అవ్వకు అంతా తెలిసింది. తెలిసి, నన్ను ఒక్క మాట అనకుండా, నా చేత తప్పు మెడకు పసుపు రాయించుకుని పోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు మహదేవపూర్‌లో సర్కారు బడిలో పని చేస్తున్నాను. ఇప్పటికీ సంఘానికే పోతాను, పిల్లలకు వాక్యం చెబుతాను, కాకపోతే గొంతు తగ్గింది. స్వరూపం మా వంటింట్లో ఉప్పు సీసా పక్కన, ఒళ్లు గోడవైపు, మొహం నావైపు పెట్టుకుని ఉంటుంది. కూర కలిపినప్పుడు చేతికి పసుపు అంటితే, వేలు తుడుచుకోకుండా ఆ మెడ అతుకు మీద రాస్తాను. సంఘం వాళ్లెవరైనా చూసి అడిగితే, ఇది పూజ కాదండీ, వైద్యం అని చెబుదామని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.