కురచైన మొలతాడు

నా చిన్నప్పుడు ఒక ఉగాది పొద్దున మా తాత, మొలతాడు అమ్మిన అంగడాయనను దొంగను చేసేశాడు.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా ఇంట్లో మగవాళ్లు నడుముకు కట్టుకునే మొలతాడును ఏటా ఉగాదికి మార్చేవారు. ఆ ఏడు తాతకు కొత్త తాడు ముడి పడలేదు. కొసలు ఎంత లాగినా ఒకదాన్నొకటి అందుకోలేదు. "కురచ చేసి అమ్ముతాండాడు వాడు. పోయినేడు సరిపాయె గదా," అని గొణిగాడు. తూకం రాళ్లను, పాలను, ఆఖరికి పంచాంగాన్ని కూడా అనుమానించే మనిషి ఆయన. తన పొట్టను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. 'ఒళ్లు చేసినావప్పా, కళగా ఉండావు' అని ఊరంతా అంటుంటే మురిసిపోయేవాడు.

మా జేజి, అంటే తాత భార్య, ఆయన పొట్ట కిందికి జారిపోయి ఉన్న పాత తాడును విప్పించి, కొత్తదాని పక్కన నేల మీద పరిచి నన్ను చూడమంది. రెండూ సమానంగానే ఉన్నాయి. అంగడాయన తప్పేమీ లేదు.

జేజి వాళ్ల అన్న కూడా అట్లాగే కళకళలాడుతూ తిరిగి, ఒకనాడు కళ్లంలో కూలబడి మళ్లీ లేవలేదు. ఆమె భయమంతా అదే. మరునాడే తాతను నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెంటపడ్డాను. చూస్తే చక్కెర ఎక్కువే, రక్తపోటూ ఎక్కువే. తాత డాక్టరునూ నమ్మలేదు. "నాకు యాడా నొప్పే ల్యాదు. మందులమ్ముకునేదానికి చెప్తాండాడు," అన్నాడు. నొప్పి లేకపోవడమే దీని మోసమని డాక్టరు చెప్పాడు. నడుముతో పాటు చక్కెర, రక్తపోటు కూడా పెరిగితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం పెరుగుతుందట, తగ్గించుకుంటే అదీ తగ్గుతుందట.

బస్టాండులో తాత మాత్రల పొట్లం జేజి చేతిలో పెట్టి, నువ్వే మింగుపో అన్నాడు. జేజి నలుగురూ వింటారని కూడా చూడలేదు.

"పొట్ట నీదేలే. బొట్టు నాది."

తాత ఆమె నుదుటి వైపు చూశాడు. చెయ్యి చాపి పొట్లం తీసుకున్నాడు. ఆ తర్వాత సంగటి ముద్ద చిన్నదైంది, చేని దాకా నడక మొదలైంది. చాలా ఏండ్లు బతికాడు. మాత్రల వల్లనా, నడక వల్లనా, జేజి మాట వల్లనా అంటే నేను చెప్పలేను.

ఇప్పుడు నాకే మనవళ్లున్నారు. మా వాళ్లనెవరినైనా ఒళ్లు చేశావని మెచ్చుకుంటే నాకు లోపల కలుక్కుమంటుంది. ఆసుపత్రిలో నర్సమ్మ నడుము కొలిచే టేపు తీయగానే మా ఆయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఊపిరి వదలమంటాను. నీదంతా అనుమానమేనని విసుక్కుంటాడు. విసుక్కోనీ. విసుక్కుంటూ పక్కన కూర్చోవడానికి మనిషి ఉంటే చాలు నాకు.