పన్నెండో నాటి సువర్ణరేఖ

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను గరివిడిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ ఎల్లిపోనాదే. నిన్ననే సువర్ణరేఖ కాయలన్నీ కోయించి తొట్టెలో పెట్టించినాది" అన్నాడు. ఏడుస్తూనే ఉన్నాను, కానీ ఒక పక్క ఆ కాయల బెంగ పట్టుకుంది. ఇక నీళ్లు ఎవరు చల్లుతారు?

సువర్ణరేఖ చూడముచ్చటైన మామిడికాయ, కానీ వారం తిరక్కుండా మచ్చలు పడుతుందని దానికి చెడ్డపేరు. మా ఊరి తోటలు కొనే షావుకారు ఏటా అదే పాట పాడేవాడు. "నిలవుండే రకం కాదప్పా, దించిన నాడే ఇచ్చీ." అత్త ఊరుకునే మనిషా? "పన్నెండు రోజులుంచి నీ నోట్లో పెడతాను, సూడు" అనేది. అలా పెట్టిన ఏడు కూడా, అవి నిన్న కోసిన కాయలేనని ఆయన కొట్టిపారేశాడు.

కాయను అంగుళం తొడిమతో కత్తిరించాలి. మెలితిప్పి తెంపితే మన చేతి మీద ఒక్కటి పడేది. సొన కారేదాకా బోర్లించి, ఆపైన వేడినీళ్లలో కాసేపు ముంచాలి. "సెయ్యెడితే సురుక్కుమనాల, కాలకూడదు." అదే ఆవిడ థర్మామీటరు. ఆరాక ఇటుకల తొట్టెలోకి. దానికి రెండు వరసల గోడలు, వాటి మధ్య ఇసుక. ఆ ఇసుకను పూటపూటా తడపాలి.

ఒక ఏడు నేను తెలివిగా పండిన బంగినపల్లులు కూడా అందులోనే పెట్టాను. నాలుగు రోజులకే తొట్టెంతా పండి కూర్చుంది. "ఒసే, పండిన కాయ పక్కనోటిని ఊరుకోనిస్తాదేటే? రకానికో సోటుండాల!" అని తిట్టి, ఆ నోటితోనే తాండ్ర పోద్దాం రమ్మంది.

ఈసారి నీళ్లు నేనే చల్లాను, ఒక్క పూట తప్పకుండా. దినాల్లో పలకరింపుకు వచ్చిన షావుకారు, చెట్ల మీద ఒక్క కాయ కూడా లేకపోవడం కళ్లారా చూసి వెళ్లాడు.

పన్నెండో రోజు, భోజనాల వేళ, తొట్టె మీది తడిగోనె తీశాం. మచ్చ లేదు, ముడత లేదు. ఇల్లంతా ఘుమఘుమ. నాకు ఏడుపూ గర్వమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. విస్తరి విస్తరికీ ఒక పండు వేశాం. షావుకారుకు మాత్రం నేనే కోసి చేతికిచ్చాను.

"ఏటి మావా, నిన్న కోసిందేనా?" అన్నాను.

ఆయన టెంక చీకుతూ పెరట్లోకి నడిచాడు. కాసేపటికి వెళ్లి చూస్తే, మోచేతి దాకా రసం కారుతుండగా, మా అత్త తొట్టెను జానలతో కొలుచుకుంటున్నాడు.