కుంకుడుకాయల సంచి

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే బస్సులో నా పక్కకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి కూర్చునే ముందు తడిగుడ్డతో సీటు తుడిచింది, కిటికీ ఊచలు తుడిచింది, ఆగలేక నా వైపు కూడా తుడిచేసింది. కూతురు పగలబడి నవ్వింది.

"ఏమనుకోకండి, మా అమ్మకి శుభ్రం పిచ్చి," అంటూ నా చేతిలో లడ్డూ పెట్టింది. "ఇవాళ కోర్టులో వాడికి శిక్ష పడిందండీ."

వాడెవడో ఆ అమ్మాయే తల దించుకోకుండా చెప్పింది. వాడు తన మీద అఘాయిత్యం చేశాడట. ఇంటికొచ్చి స్నానం చేస్తానని ఏడిస్తే, తల్లి బాత్రూం తలుపుకు అడ్డంగా కూర్చుందట.

"ఆ రోజు అమ్మని ఎన్ని తిట్టానో!"

"నీళ్లు పోసుకుంటే సాక్ష్యం పోద్దని టీవీలో ఎవరో లాయరుగారు చెప్తే విన్నానండీ," అంది తల్లి. "చిన్న మరక కనబడితే ఓర్చుకోలేనిదాన్ని. ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి, దీన్ని అలాగే స్టేషన్‌కి తీసుకెళ్లా. అక్కణ్ణుంచి ఆసుపత్రికి."

ఒళ్లోని గుడ్డసంచి విప్పి చూపించింది. నిండా కుంకుడుకాయలు.

"వాడికి శిక్ష పడిన రోజు నా చేత్తో తలంటుతానని ఆ తలుపు దగ్గరే మాటిచ్చా."

"షాంపూ చాలదా అమ్మా? కుంకుడు రసం కళ్లల్లో పడితే ఏడుపొస్తది."

"ఏడు. ఇకనుంచి దానికే ఏడు," అంది తల్లి.

ముగ్గురం నవ్వాం. తలంటుకునేటప్పుడు కళ్లు మండితే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.