సెల్‌ఫోన్ వ్యాసం మీద ఎర్రగీత

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. మేడ్చల్ దగ్గరి అలియాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరిన మొదటి ఏడాది. పిల్లలు నాకు పెట్టిన పేరు ‘పచ్చిమిర్చి టీచర్’ (నా ముందు అనలేదులెండి, బెంచీ మీద చెక్కారు). మా కరస్పాండెంటు సారుకు పిల్లల చేతిలో సెల్‌ఫోన్ అంటే మంట. రోజూ ప్రార్థనలో ‘ఫోను ముట్టను, ఇంట్లో కూడా అడగను’ అని ప్రతిజ్ఞ చేయించాలి. నేను గొంతు చించుకుని మరీ చేయించేదాన్ని.

అంతలో మేడ్చల్‌లో వ్యాసరచన పోటీ వచ్చింది. అంశం, బడిలో సెల్‌ఫోన్. బడికి ఒక్కరే వెళ్లాలి. తొమ్మిదో తరగతిలో, తుర్కపల్లిలో ఒక కంపెనీకి క్యాబు నడిపే ఆయన కూతుర్ని ఎంచాను. వాళ్ల చర్చిలో ఆదివారం అందరికీ చెప్పి ప్రార్థన కూడా చేశారట. ముందుగా నాకు చూపించడానికి రాసి తెచ్చింది. మొదటి పేజీలో ఫోను చదువుకు పట్టిన చీడ. రెండో పేజీలో ఫోను లేని పిల్లకు చదువే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏందే ఇది? గీ పేజీల ఒక మాట, గా పేజీల ఒక మాటా?” అని అడ్డంగా ఎర్రగీత కొట్టి, పైన ఆ పిల్ల పేరు పక్కన ‘ఒక్క మాట మీద నిలబడు’ అని రాసి, “మేడ్చల్ లేదు గీడ్చల్ లేదు, కూసో!” అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. కళ్లనిండా నీళ్లు, గొంతులో మాత్రం నన్ను మించిన కోపం. “పొద్దుగాల ఫోను ముట్టొద్దని మీరే జెప్తరు. పొద్దుమీకి హోంవర్కు ఫోన్ల మీరే వెడ్తరు. మా నాయిన ఫోను ఆయనతోని డ్యూటీకి పోతది. హోంవర్కు చెయ్యలేదని నిన్న నన్ను నిలవెట్టింది గూడ మీరే. నేనేడ మాట మార్చిన టీచర్? మీరు చెప్పిందే రాసిన!”

నేను నోరు తెరిచేలోపు నా సంచిలో ఫోను మోగింది (దానికీ అప్పుడే దొరికింది సమయం!). కరస్పాండెంటు సారు. ఆయన గొంతుకు స్పీకరు అక్కర్లేదు. “మేడమ్, ప్రతిజ్ఞ ఫోటోలు గ్రూపుల ఇంకా పెట్టలేదేంది? జల్దీ పెట్టుండ్రి, పేరెంట్సు చూస్తరు!” క్లాసంతా పుస్తకాల వెనక తలలు దాచుకుని కిసుక్కుమంది. సారు మీద కోపం, ఫోను మీద కోపం, అన్నిటికంటే నా మీద నాకే కోపం.

ఆ పిల్లనే పంపాను, నేనూ వెంట వెళ్లాను. అక్కడ కూర్చుని అదే రాసింది. బహుమతి రాలేదు. ‘అభిప్రాయంలో నిలకడ లేదు’ అన్నారు న్యాయనిర్ణేతలు. వాళ్లతో పోట్లాడి మరీ వచ్చాను. మర్నాటి నుంచి హోంవర్కు బోర్డు మీదే రాయడం మొదలుపెట్టాను. సారు అరిచాడు, నేనూ అరిచాను.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు కానీ, ఆ పచ్చిమిర్చి టీచరును తలుచుకుంటే నవ్వూ వస్తుంది. ఆ కాగితం నా బీరువాలోనే ఉంది. ‘ఒక్క మాట మీద నిలబడు’ అన్న ఎర్రసిరా పక్కన ఆ పిల్ల పేరు కొట్టేసి, నా పేరు రాసుకున్నాను.