అత్త కుందేలు ఏమంటుందంటే

మా మేనత్త పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చేసరికి మేము నంద్యాలలో చర్చి నుంచి అప్పుడే ఇంటికి చేరాం. అమ్మ ఏడ్చింది. నాయన చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు. నాకు మొదట కుందేలు గుర్తొచ్చింది. కిందటి నెల ఆసుపత్రి మంచం మీద నుంచి, "నేను పోతే కుందేలును చిన్నదానికియ్యండి" అంది అత్త. చిన్నది నా చెల్లెలు. ఎందుకని నేను అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

అత్తకు పిల్లలు లేరు. శిల్పాలు చెక్కే షెడ్ల వెనక వీధిలో ఆమె ఇల్లు. పొద్దంతా ఉలి చప్పుడే. ఆ చప్పుడులోనూ పెరట్లో కోడి అరిస్తే వంటింట్లోంచే, "గుడ్డు పెట్టిందిలే" అనేది. ఇంకోలా అరిస్తే, "పిల్లి వచ్చింటాది" అంటూ పొరక అందుకునేది.

కుందేలు సంగతి వేరు. దాని గొంతు అరుదుగా వినిపిస్తుంది. పెంచేవాళ్లకు తెలిసే ఉంటుంది: చెవుల మధ్య నిమిరితే పండ్లు మెల్లగా నూరుతుంది, అది సుఖం. వెనక కాలితో నేలను కొడితే భయం. ఇవన్నీ అత్త నాకే చెప్పింది. సెలవుల్లో పుస్తకం పట్టుకుని ఆమె పక్కన కూర్చునేది నేనే. చెల్లెలు వీధిలో ఉండేది.

అయినా చెల్లెలు లోపలికి రాగానే కుందేలు దాని ఒళ్లోకి ఎక్కేది. నా ఒళ్లో రాయిలా కూర్చునేది.

"నువ్వు ఊపిరి బిగబడ్తావ్ పాపా. దానికి తెలుస్తాది," అనేది అత్త.

కాన్వెంటులో కదలకుండా కూర్చుంటే సిస్టర్లు మెచ్చుకునేవారు. కుందేలు మెచ్చలేదు.

ఒకసారి మాత్రం నా ఒళ్లో అది పండ్లు నూరింది, గట్టిగా. ఇన్నాళ్లకు నాతో మాట్లాడిందనుకున్నాను. చెల్లెలు వచ్చి చూస్తే బాగుండు అనుకుంటూ కూర్చున్నాను. అత్త తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"పిలవలేదేం పాపా? కడుపు నొప్పికి పండ్లు కొరుకుతాందది."

"సుఖంగా ఉందనుకున్నా అత్తా."

"సుఖమయితే మెల్లగ. నొప్పయితే గట్టిగ. నీది తిరగేసి, నొప్పొస్తే నోరే తెరవవు."

ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దారంతా అత్త దాన్ని తువ్వాలులో పొదువుకుని దానితోనే మాట్లాడింది. కుందేలు మీద కూడా అసూయపడొచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

అత్తను సమాధి చేశాక దాన్ని బుట్టలో పెట్టుకుని బస్సులో నంద్యాల తెచ్చాం. కొన్నాళ్లు మంచం కింద నుంచి రాలేదు. నిన్న సాయంత్రం బయటికొచ్చి, సన్నగా గుర్రుమంటూ చెల్లెలి కాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చెల్లెలు బిగుసుకుపోయింది.

"కరుస్తాదేమో అక్కా. ఏమంటాంది?"

నేను పుస్తకం దించలేదు.

"చెప్పక్కా. అత్త నీకయితే అన్నీ చెప్పింది. నాకు ఊరికే ఇచ్చిపోయింది."

అత్త బట్టలు ఆరేస్తుంటే ఆమె కాళ్ల చుట్టూ అది అలాగే తిరిగేది. ఇంకెవరి చుట్టూ తిరగడం నేను చూడలేదు. నాకు తెలియదంటే చెల్లెలు నమ్మేది.

"నువ్వంటే ఇష్టమంటాంది," అన్నాను. "కాళ్లు కదిలించొద్దు."

చెల్లెలు చున్నీ పైకి ఎత్తి పట్టుకుని, బేతంచెర్ల బండల నేల మీద పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడింది. దాని చుట్టూ ఆ తెల్లటి కుందేలు తిరుగుతూనే ఉంది.